కొలను ఎవరు నింపుతున్నారు?

గడ్డపార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఆగక ఏం చేస్తాడు? సరిగ్గా ఆ గడ్డపార దిగాల్సిన చోట, కొలను గట్టు రాళ్ళ మీద, జేబులమ్మ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా చతికిలబడింది.

"ముందు నన్ను తవ్వండి నాయనా. నా కింద ఏమీ దొరక్కపోతే అప్పుడు దీన్ని తవ్వుదురుగాని," అంది, కోటు అంచులు నీళ్ళలో పడకుండా ఒళ్ళోకి లాక్కుంటూ.

కూలివాళ్ళిద్దరూ ఇన్‌స్పెక్టరు మొహం చూశారు. ఇన్‌స్పెక్టరు ఆకాశం వంక చూశాడు. అత్తగారిని రెక్క పట్టుకుని లేపమని చట్టంలో ఎక్కడా రాసి లేదు మరి.

అవును, అత్తగారే. జేబులమ్మ ఒక్కగానొక్క కూతుర్ని చేసుకున్నవాడే ఈ ఇన్‌స్పెక్టరు. ఇంట్లో ఆవిడ ఎదుట కాలు మీద కాలు వేసుకుని ఎరగడు. టోపీ పెట్టుకుని గడప దాటాడా, ఆవిడ కనిపెట్టింది ఏదీ ఇతనికి నచ్చదు. ఆవిడా తక్కువ తినలేదు. అల్లుడికి కొసరి కొసరి వడ్డించే చెయ్యే అతని కేసుల్లో రాళ్ళు ఏరడానికీ ముందుకొచ్చేది.

ఆవిడ కోటుకి లోపలా బయటా అన్నీ జేబులే. ఒకదాంట్లో భూతద్దం, ఒకదాంట్లో దారపు ఉండ, ఒకదాంట్లో పిప్పరమెంట్లు. ఆ జేబులన్నీ కుట్టిపెట్టింది ఈ ఇంటి ఇల్లాలే, దర్జీ అమ్మాయి. ఆ పిల్ల పొద్దున్నే పరుగెత్తుకొచ్చి, పెద్దమ్మా మా కొలను తవ్వేస్తారట అని గుమ్మంలో ఏడుస్తూ నిలబడితే, తాగుతున్న టీ కూడా వదిలేసి వచ్చిందావిడ.

సంగతేమిటంటే, బజారులో ఒక నగల దుకాణం తాళం మీద గీత కూడా పడకుండా తెరుచుకుంది. నగలన్నీ పోయాయి. అలాంటి తాళానికి మారుతాళంచెవి చెయ్యగలిగిన వాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, దర్జీ అమ్మాయి మొగుడు. అందరూ తాళాలాయన అంటారు. దొంగతనం జరిగిన నాలుగు రోజులకి ఆ తాళాలాయన కూడా కనిపించకుండా పోయాడు. నెల దాటింది. ఇన్‌స్పెక్టరు లెక్క ప్రకారం తాళంచెవి చేసింది ఆయనే. నగలు ఇంటికే వచ్చాయి. వాటి మీద మొగుడూ పెళ్ళాలకి మాటా మాటా పెరిగింది. పెళ్ళాం కత్తెరతోనో దేంతోనో మొగుణ్ణి చంపేసి, నగల్నీ శవాన్నీ ఈ కొలను అడుగున ఒకే గోతిలో వేసి, పైన ఈ ప్లాస్టిక్ షీటు మళ్ళీ పరిచి చేపల్ని వదిలేసింది. మేడ మీద గదిలో ఉండే మరిది, అన్న కనిపించకుండా పోయే ముందురోజు రాత్రి అన్నావదినలు పోట్లాడుకోవడం తన చెవులారా విన్నానని చెప్పనే చెప్పాడు. ఇంకేం కావాలి? ఈ సాయంత్రానికి దర్జీ అమ్మాయి చేతికి బేడీలు ఖాయం.

ఆ పిల్ల పెరటి గుమ్మంలో మెళ్ళో కొలత టేపుతో అలాగే నిలబడి ఉంది. పోలీసులు వచ్చినప్పట్నుంచీ ఆమె నోరు విప్పి అన్నది ఒకే ఒక్క మాట, "ఆ షీటు మాత్రం కొయ్యకండి" అని. ఇన్‌స్పెక్టరుకి ఆ మాటే దొరికింది. చూశారా, షీటు కింద ఏముందో తెలుసు కాబట్టే కొయ్యొద్దంటోంది అన్నాడు.

జేబులమ్మకి అందులో ఇంకోటి వినిపించింది. పిల్లని దగ్గరికి పిలిచి, పక్క రాయి మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టి, ఈ కొలను కథ మొదట్నుంచీ చెప్పమంది. కొలను కథలు వినడానికి తాను రాలేదని ఇన్‌స్పెక్టరు సణిగాడు. వినకపోతే చెవులు మూసుకోమంది అత్తగారు.

దర్జీ అమ్మాయి పుట్టిల్లు వాగు పక్కన. పుట్టినప్పట్నుంచీ నీళ్ళ చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్ల. పెళ్ళై ఈ ఇంటికొచ్చాక రాత్రిళ్ళు కన్ను మూతపడేది కాదు. ఏమైందని మొగుడు అడిగీ అడిగీ, చివరికి ఆ మాట తెలుసుకుని నవ్వలేదు. మర్నాడే పెరట్లో తాడు పరిచి, వంపులు తిప్పి గీత గీశాడు. దుకాణం కట్టేసి వచ్చాక రోజూ కాసింత తవ్వేవాడు. లోపల మెట్టులాగా ఒక అరుగు వదిలాడు, మొక్కల కుండీలు పెట్టడానికి. అడుగున ఉన్న రాళ్ళూ వేళ్ళూ ఒక్కోటీ చేత్తో ఏరాడు, షీటుకి గుచ్చుకుంటాయని. జల్లించిన ఇసక పోశాడు. ఇసక మీద పాత కంబళ్ళు పరిచాడు. ఆ మీద నల్లటి మందపాటి షీటు. దాన్ని ముందు ఎండలో వేసి మెత్తబడనిచ్చి, ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దింపారు. ఒక మూల చిన్న మోటారు పెట్టి, రాతి మీంచి సన్నగా నీళ్ళు జారేలా చేశాడు. ఆ రాత్రి ఆమె ఎంత నిద్రపోయిందంటే, పొద్దున్న ఆయనే టీ పెట్టుకున్నాడు.

"అయితే ఒక తప్పు చేశాడు పెద్దమ్మా," అంటూ ఆ పిల్ల మొదటిసారి కాస్త నవ్వింది. "షీటు పరిచాక ముందు నీళ్ళు నింపాలి. నీళ్ళ బరువుకి షీటు కిందికి దిగి కుదురుకుంటుంది. అప్పుడు కత్తిరించాలి మిగిలింది. ఆయన ముందే కత్తిరించేశాడు. నేను చెప్తూనే ఉన్నా, కుట్టుకి వదలకుండా బట్ట కోస్తారా ఎవరైనా అని. వింటేనా? తాళాలు చేసేవాడి కొలత వెంట్రుకవాసి తప్పదే అన్నాడు."

నీళ్ళు నిండాయి, షీటు దిగింది, ఒక పక్క అంచు గట్టు రాళ్ళ కంటే కిందికి జారిపోయింది. మొగుడు తల పట్టుకుని కూర్చుంటే, పెళ్ళాం రెయిన్‌కోట్లు అతికే జిగురుతో ఒక చీలిక తెచ్చి అతుకు వేసింది. వేసినా ఆ పక్క కొంచెం కురచే. అక్కణ్ణుంచి నీళ్ళు రోజూ పక్క మట్టిలోకి ఇంకుతూనే ఉంటాయి. రోజూ రెండు మూడు బకెట్లు పొయ్యకపోతే నిలవదు. చుట్టాలెవరొచ్చినా ఆమె ఆ అతుకు చూపించి మొగుణ్ణి ఆటపట్టించేది. ఆ షీటు కొయ్యొద్దన్నది అందుకు. షీటు కింద ఏం లేదు, షీటే ఆమెకి ఉన్నదంతా.

ఇన్‌స్పెక్టరుకి మాత్రం ఈ కథలో పనికొచ్చే ముక్క ఒకటి దొరికింది. బూటు కాలితో ఆ కురచ పక్కన మట్టిని నొక్కాడు. కాలు మెత్తగా దిగింది.

"చూడండి అత్తయ్యా. పెరడంతా ఎండి రాయిలా ఉంది. ఇక్కడ ఒక్కచోటే ఇంత మెత్తగా ఉందంటే ఏమిటర్థం? ఈమధ్యే తవ్వి పూడ్చారని."

"అర్థం కాకపోతే అడగాలి బాబూ, బూటుతో తొక్కితే మట్టి చెప్తుందా?" అంటూ ఆవిడ వంగి, ఆ మెత్తటి చోట మొలిచిన తుంగ దుబ్బు ఒకటి పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. అప్పుడూ రాలేదు. ఏళ్ళ తరబడి తడిలో ఊరి, వేళ్ళు ఒకదాన్నొకటి పెనవేసుకుని జడలా అయిపోయాయి. నెల కిందట తవ్విన మట్టిలో ఇలాంటి దుబ్బు ఉంటుందా?

రాళ్ళు తీసి మళ్ళీ పెట్టి ఉండొచ్చుగా అన్నాడతను. భూతద్దం తీసి అతని చేతికే ఇచ్చిందావిడ. షీటు మీద, నీళ్ళు తాకే చోట, తెల్లటి ఉప్పు చార ఒకటి కొలను చుట్టూతా ఉంది. మడతల మీంచీ, రాళ్ళ మీంచీ ఎక్కడా తెగకుండా పోయింది. షీటు ఒక్క మూల లేపి వేసినా ఆ చార తెగేది. మడతల సందుల్లో పాచి పట్టి, వాటిని ఒకదానికొకటి కుట్టేసినట్టుంది. ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ చూసుకుంటూ వెళ్ళాడు. మొండివాడే గాని మోసగాడు కాదు. లేచినప్పుడు మొహంలో వేడి కొంచెం తగ్గింది.

"శవం దీని కింద లేకపోతే ఇంకోచోట ఉంటుంది," అన్నాడు. "మీరు కొలనుని కాపాడారు. ఆమెని కాదు."

మాట నిజమే. జేబులమ్మ కొలను వంక తిరిగింది. చూస్తూ కూర్చుంది. నీళ్ళలో ఎర్ర చేపలు మూతులు పైకెత్తి తిరుగుతున్నాయి. తామరాకుల్లో పండిపోయినది ఒక్కటీ లేదు, ఎవరో ఎప్పటికప్పుడు తుంచేస్తున్నట్టుంది. నీళ్ళు అతుకు దాకా నిండుగా ఉన్నాయి.

ఆవిడకి అప్పుడు తట్టింది. రోజూ ఇంకిపోయే కొలను. వానచుక్క పడి ఎన్నాళ్ళైందో. మరి నిండుగా ఎలా ఉంది?

"అమ్మాయ్, రోజూ నీళ్ళు నువ్వే పోస్తున్నావా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆయన వెళ్ళిన దగ్గర్నుంచీ తాను పెరట్లో అడుగే పెట్టలేదంది. నీళ్ళు అడుగంటి, చేపలు చచ్చి ఉంటాయని భయం. చూడలేక వంటింటి కిటికీ కూడా మూసేసుకుంది. ఇవాళ పోలీసులు తలుపు తీస్తేనే చూడటం. అలా చెప్తూ చెప్తూ కొలను వైపు తిరిగి, తానే ఆశ్చర్యపోయి చూస్తూ ఉండిపోయింది.

అంతలో మేడ మెట్ల మీంచి గొంతు వినపడింది. "నేనే పోస్తున్నానండీ."

మరిది. దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో స్కూటరు తాళంచెవి. దిగి వచ్చి, వదిన ఆ బాధలో ఉంటే తానైనా చూసుకోకపోతే ఎలాగని, రోజూ పొద్దున్న కుళాయికి గొట్టం తగిలించి నింపుతున్నానని చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఇతను భుజాలెందుకు తడుముకుంటున్నాడా అనుకుంది జేబులమ్మ. పైకి ఏమీ అనకుండా లేచి, గోడవారగా చుట్ట చుట్టి ఉన్న గొట్టం దగ్గరికి నడిచింది. చివర పట్టుకుని పైకెత్తింది. గొట్టం మూతిలో సాలీడు గూడు కట్టుకుని, గుడ్లు పెట్టుకుని, సంసారం చేసుకుంటోంది.

"రోజూ పొద్దున్నే దీని ఇంట్లోంచే వస్తున్నాయా బాబూ నీళ్ళు?"

కూలివాడొకడు కిసుక్కున నవ్వాడు. ఆవిడ అక్కడితో ఆగలేదు. కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు, ఆ వాసన అందరికీ తెలిసిందే. తిన్నగా గొట్టంతో పోస్తే ఈ చేపలు ఒక్క పూట కూడా బతకవు. తొట్లోనో డ్రమ్ములోనో పట్టి, మూత లేకుండా ఒక రోజు ఉంచి, ఆ మందు ఎగిరిపోయాకే పొయ్యాలి. ఇక్కడ గోడ పక్కన గుండ్రంగా డ్రమ్ము అచ్చు ఉంది, డ్రమ్ము లేదు. ఎక్కడికి పోయింది?

మరిది మొహం ఎర్రబడింది. తల వంచుకుని, అబద్ధమే ఆడానన్నాడు. అన్నయ్య ప్రాణంగా చూసుకున్నదాన్ని తమ్ముడు పట్టించుకోలేదంటే నలుగురూ ఉమ్మేస్తారని సిగ్గుపడి అలా అన్నాడట. చెప్తుంటే గొంతు వణికింది. జేబులమ్మ మనసు కొంచెం మెత్తబడింది. అక్కడే ఆవిడ పొరపాటు పడింది.

పెరటి గోడకి ఒక చెక్క గేటు. అవతల సన్నటి సందు. ఆ సందులోకి ఎన్నో ఇళ్ళ వెనక భాగాలూ, మూతపడ్డ గోదాములూ తెరుచుకుంటాయి. ఆ గేటు తోస్తే కీచుమంటుందనీ, ఊరందరి తాళాలకీ నూనె రాసే మనిషి సొంత గేటుకి రాయడనీ దర్జీ అమ్మాయి ఎప్పుడూ దెప్పేది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు తోస్తే అది పిల్లి నడిచినట్టు తెరుచుకుంది. మడత బందుల్లో కొత్త నూనె మెరుస్తోంది.

గేటు అవతల, సగం కూలిన గోడ నీడలో, డ్రమ్ము ఉంది. నిండా నీళ్ళు. మందు వాసన లేదు. దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి ఒక పాత చొక్కా కప్పి, దారంతో బిగించి కట్టారు.

దర్జీ అమ్మాయి ఆ చొక్కాని చూసి దగ్గరికి వెళ్ళింది. కట్టు విప్పలేదు. చేత్తో తడిమింది, అంతే.

"ఇది ఆయన వెళ్ళిన రోజు వేసుకున్న చొక్కా."

ఇన్‌స్పెక్టరు వెంటనే అందుకున్నాడు. అదే కదా తాను మొదట్నుంచీ చెప్తున్నది, చంపినవాళ్ళ దగ్గరే చచ్చినవాడి చొక్కా ఉంటుంది అన్నాడు. చంపినవాళ్ళు చేపల ఆరోగ్యం కోసం నీళ్ళు నిలవబెడతారా అని అత్తగారు అడిగితే, హంతకులకి మాత్రం చేపలంటే ఇష్టం ఉండకూడదా అని ఎదురడిగాడు. ఇద్దరూ అలా మాటకు మాట విసురుకుంటుంటే, మధ్యలో ఆ పిల్ల నవ్వు వినపడింది. చూస్తే, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె వేలు చొక్కా మీద రెండో బొత్తాం దగ్గర ఆగి ఉంది.

"ఆ రోజు ఈ బొత్తాం లేదు పెద్దమ్మా. పొద్దున్నే తెగిపోయింది. సాయంత్రం వచ్చాక కుడతానన్నాను. కుట్టనేలేదు." ఆమె ఆ బొత్తాంని వేలితో ఎత్తి చూపించింది. "చూడు ఎలా కుట్టాడో. రంగు కలవని దారం. చుట్టిందే చుట్టాడు, ముడి మీద ముడి వేశాడు. ఇన్నేళ్ళు దర్జీదానితో కాపరం చేసినా బొత్తాం కుట్టడం రాలేదు ఈ మనిషికి."



"చచ్చినవాడు బొత్తాలు కుట్టుకోడు అల్లుడుగారూ," అంది జేబులమ్మ మెల్లగా.

ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. నుదురు తుడుచుకుని మళ్ళీ పెట్టుకోలేదు. కూలివాళ్ళని గడ్డపారలు తీసుకుని ఇంటికి పొమ్మన్నాడు. తరవాత అత్తగారిని అడిగాడు, ఈసారి దెప్పడానికి కాదు, తెలుసుకోవడానికే. ఇంత నీళ్ళు మోసుకొచ్చి పోస్తుంటే ఇంట్లో మనిషికి తెలియకుండా ఎలా ఉంటుందని.

ఆవిడ దర్జీ అమ్మాయిని అడిగింది, పెరట్లో చప్పుడైనా నీకు వినపడని వేళ ఏదని. మిషను ముందు కూర్చున్న వేళ అందామె. ముందుగదిలో, మధ్యాహ్నం తిండి అయ్యాక మొదలుపెట్టి వెలుగు ఉన్నంతసేపూ కుడుతుంది. తొక్కీ తొక్కీ కాళ్ళు వాస్తున్నాయని మరిది ఈమధ్యే మిషనుకి మోటారు కొనిపెట్టాడు. దాని రొద సందు చివరికి కూడా వినపడుతుంది.

"అదీ సంగతి," అంది జేబులమ్మ. "మిషను మోగుతోందంటే నువ్వు ముందుగదిలో ఉన్నట్టు. ఇంట్లో పరాయివాళ్ళు లేనట్టు. వస్తాడు, గేటు తీస్తాడు, నీళ్ళు పోస్తాడు, పండిన ఆకులు తుంచుతాడు, నీ చప్పుడు వింటాడు, వెళ్ళిపోతాడు. నీకు నీళ్ళ చప్పుడు ఎలాగో, ఆయనకి నీ మిషను అలాగే అమ్మాయ్."

దర్జీ అమ్మాయి గోడకి ఆనుకుంది. ఆమెకి ఒక రోజు గుర్తొచ్చింది. జ్వరంతో మిషను ముట్టుకోలేదు ఆ పూట. మర్నాడు పొద్దున్న ముందు గుమ్మంలో జ్వరం మాత్రల పొట్లం, రెండు పళ్ళు. పక్కింటావిడ పెట్టిందేమో అనుకుని, వెళ్ళి మేలు చేశావని ఆమెకి చెప్పి కూడా వచ్చింది. పక్కింటావిడ ఏ సంగతీ అర్థంకాక, పరవాలేదులే అంది.

"ఇవాళ మీరంతా ఉన్నారని మిషను పెట్టలేదు," అంది దర్జీ అమ్మాయి. "ఎక్కడో నిలబడి వింటూ ఉంటాడు. నాకేమైందో అనుకుంటాడు."

అందరికన్నా ఎక్కువ ఏడ్చింది మరిది. అన్నయ్య బతికే ఉన్నాడా అని గోడకి తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చాడు. జేబులమ్మే వీపు నిమిరింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, పొద్దుట్నుంచీ మీరంతా గుక్కెడు నీళ్ళైనా తాగలేదు, టీ పెట్టుకొస్తాను ఉండండని ఇంట్లోకి వెళ్ళాడు. పాపం, మంచి కుర్రాడు అనుకుందావిడ.

ముగ్గురూ మళ్ళీ కొలను దగ్గరికి వచ్చారు. ఎలా పిలవాలి ఆయన్ని బయటికి, భయపెట్టకుండా, అని అత్తా అల్లుడూ మొదటిసారి ఒకే మాట మీద ఆలోచిస్తున్నారు. తాళంచెవి తాను చెయ్యకపోతే పారిపోవడం దేనికి అని అతనూ, చెయ్యమని అడిగినవాణ్ణి చూసి ఉంటాడు, వాడికి భయపడి ఉంటాడు అని ఆవిడా. పోలీసుల దగ్గరికి రావచ్చుగా అన్నాడతను. మీ దగ్గరికా, గడ్డపారల దగ్గరికా అందావిడ.

దర్జీ అమ్మాయి రాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో వేళ్ళు ముంచింది. చేపలు వచ్చి వేళ్ళని మూతులతో పొడిచాయి. అలా చాలాసేపు ఉండి, తలెత్తకుండానే అంది.

"పెద్దమ్మా, నేనొకటి చెప్పలేదు. చెప్పొద్దని ఆయన చేతిలో చెయ్యి వేయించుకున్నాడు."

"చెప్పు తల్లీ."

"ఆ రాత్రి మేం పోట్లాడుకోలేదు. గొంతు కూడా పెంచలేదు. తలుపు వేసుకుని గుసగుసగా మాట్లాడుకున్నాం. ఎవరో సబ్బుబిళ్ళ మీద తాళంచెవి అచ్చు తీసుకొచ్చి, అలాంటిది చేసి పెట్టమని అడిగారంట. ఈయన చెయ్యనన్నాడు. పక్కరోజు చూస్తే దుకాణంలో పనిముట్లన్నీ కదిలి ఉన్నాయంట. పక్కనే ఉండి చిన్నప్పట్నుంచీ ఆ పని చూసినవాడే చేసుకుపోయాడు, వాణ్ణి పట్టిస్తే మా అమ్మ కడుపుకి అన్యాయం చేసినవాణ్ణవుతాను, పట్టించకపోతే నిన్ను కూడా బతకనివ్వడు అని ఏడ్చాడు."

జేబులమ్మ చెయ్యి జేబులోనే ఉండిపోయింది. గుసగుసగా మాట్లాడుకున్నది, చెవులారా విన్నానన్నవాడు ఎక్కడ నిలబడి విన్నట్టు? మేడ మీద గదిలో కాదు. తలుపుకి చెవి ఆన్చి. వదినకి జైలు పడితే, అన్న చచ్చినట్టే లెక్క. చచ్చినవాణ్ణి పోలీసులు వెతకరు. వెతికేది ఈ తమ్ముడొక్కడే. నెల రోజులుగా అన్న ఎక్కడున్నాడో తెలియక వాడు తిరుగుతుంటే, నోట్లో నువ్వుగింజ నానని తాను, ఆ అన్న వస్తాడనీ, ఏ గేటులోంచి వస్తాడో, ఏ వేళకి వస్తాడో, ఏ చప్పుడు వింటే వస్తాడో, అన్నీ విడమరిచి వాడి ముందే చెప్పింది. పైగా వీపు నిమిరింది.

"అల్లుడుగారూ," అనబోయింది.

ఇంట్లోంచి చప్పుడు మొదలైంది. రొదగా, ఆగకుండా, సందు చివరికి వినపడేలా.

కుట్టుమిషను.

దర్జీ అమ్మాయి ఇక్కడే ఉంది, చేతివేళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచి పరుగెత్తారు. వంటింట్లో పొయ్యి వెలగలేదు, టీ గిన్నె బోర్లించిందే ఉంది. ముందుగది తలుపు లోపల్నుంచి వేసి ఉంది. ఇన్‌స్పెక్టరు భుజంతో గుద్దాడు. తాళాలాయన సొంత ఇంటికి బిగించుకున్న గడియ అది, ఒకంతట ఊడుతుందా? ఇంకోసారి గుద్దాడు. లోపల మిషను అలా తిరుగుతూనే ఉంది. ఎంతో నిలకడగా, ఏ పొరపాటూ లేకుండా కుడుతున్నట్టు ఉంది ఆ మోత.

తలుపు విరిగి తెరుచుకుంది. గదిలో ఎవరూ లేరు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. సూది కింద బట్ట లేదు. మోటారు పెడలు మీద ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టి ఉంది.

మనల్ని ఇటు రప్పించడానికి కూడా, అనుకుంది జేబులమ్మ. ఆయన్ని అటు పిలవడానికి, మనల్ని ఇటు లాగడానికి. పెరట్లో ఒక్కళ్ళని కూడా ఉంచకుండా వచ్చేశాం.

దర్జీ అమ్మాయి వంగి ఇస్త్రీపెట్టె తీసేసింది. మిషను ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో, వెనక పెరట్లోంచి, కొలనులోకి బకెట్టు నీళ్ళు వొంపుతున్న చప్పుడు వినపడింది. మెల్లగా, చేపలు బెదరకుండా, ఒకే ధారగా. ఆమె కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది.

నూనె రాసిన గేటు చప్పుడు చెయ్యదు. నీళ్ళ ధార మాత్రం సగంలో ఆగిపోయింది.